సన్ ఔటేజ్ వేళ 264 సెకన్లకే ఆగిపోయిన ఐపీ బ్యాకప్: ఒక కేస్ స్టడీ

ఉపగ్రహం నుంచి వచ్చే ఒక ఛానెల్ ఫీడ్‌ను అందుకుని, డీకోడ్ చేసి, ముందుకు పంపే రిసీవింగ్ స్టేషన్‌లో నేను ఇంజనీర్‌ని. ఉపగ్రహ సిగ్నల్ పోయినప్పుడు అదే ఫీడ్‌ను ఐపీ మార్గంలో, అంటే ఇంటర్నెట్ ద్వారా, తీసుకునే ఏర్పాటు మాకు ఉంది. ఆ బ్యాకప్‌ను నెలనెలా పరీక్షించేవాళ్ళం, ఒక్కసారి కూడా అది విఫలం కాలేదు. తీరా అవసరం పడిన రోజున నాలుగు నిమిషాలు చక్కగా నడిచి, ఉన్నట్టుండి నల్లబడిపోయింది. కారణం డిష్‌లోనూ లేదు, డీకోడర్‌లోనూ లేదు, ఐపీ లింక్‌లోనూ లేదు. దాన్ని ఏ వరుసలో వెతికామో, ఎక్కడ తప్పుదోవ పట్టామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఏర్పాటు

మాది 3 మీటర్ల సీ-బ్యాండ్ డిష్. డిష్ మీద ఉండి ఉపగ్రహ సిగ్నల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే ఎల్ఎన్‌బీలోని లోకల్ ఆసిలేటర్ 5150 మెగాహెర్ట్జ్ కాబట్టి, 3840 మెగాహెర్ట్జ్ దగ్గర దిగే మా క్యారియర్, అంటే ఫీడ్‌ను మోసే సిగ్నల్, కేబుల్‌లోకి 1310 మెగాహెర్ట్జ్‌గా వస్తుంది. క్యారియర్ డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ ప్రసార పద్ధతిలో, 8పీఎస్‌కే మాడ్యులేషన్‌తో, 2/3 ఎఫ్ఈసీతో (తప్పులను సరిదిద్దే అదనపు కోడ్), సెకనుకు 10 మెగాసింబల్స్ రేటుతో ఉంటుంది. రోల్-ఆఫ్ 0.20 కావడం వల్ల 12 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది, సెకనుకు దాదాపు 19.8 మెగాబిట్ల ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌ను (వీడియో, ఆడియోలను చిన్న ప్యాకెట్లుగా కలిపిన ప్రవాహం) మోస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు రిసీవర్ చూపించే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 12.4 డెసిబెల్స్. ఈ మాడ్యులేషన్, ఎఫ్ఈసీల జోడీకి ప్రమాణం ప్రకారం కావలసింది 6.6 డెసిబెల్స్. అంటే చేతిలో 5.8 డెసిబెల్స్ మార్జిన్ ఉంది. సీ-బ్యాండ్‌లో వాన ప్రభావం తక్కువ కనుక ఈ మార్జిన్‌తో ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ నిశ్చింతగా గడిచిపోతాయి.

ఐపీ మార్గం సంగతి వేరు. ఫీడ్ పంపేవారు అదే ఎన్‌కోడర్ నుంచి వచ్చే మా ప్రోగ్రామ్‌ను మాత్రమే విడదీసి, 8 మెగాబిట్ల స్ట్రీమ్‌గా పోయిన ప్యాకెట్లను తిరిగి పంపే ఎస్ఆర్‌టీ పద్ధతి ద్వారా ఇంటర్నెట్ మీద పంపుతారు. అది మా దగ్గర ఒక గేట్‌వే పెట్టెలోకి చేరుతుంది. గేట్‌వే దాన్ని విప్పి, 188 బైట్ల ట్రాన్స్‌పోర్ట్ ప్యాకెట్లను ఏడేసి చొప్పున ఒక్కో ఆర్‌టీపీ (నెట్‌వర్క్ మీద మీడియా పంపే పద్ధతి) ప్యాకెట్‌లో పెట్టి, లోపలి నెట్‌వర్క్ మీదకు మల్టీకాస్ట్‌గా, అంటే ఒక గ్రూపు చిరునామాకు, అందులో చేరినవారికి అందేలా, వదులుతుంది. ఏడు ప్యాకెట్లు కలిస్తే 1316 బైట్లు, ఆ లెక్కన సెకనుకు దాదాపు 760 ఆర్‌టీపీ ప్యాకెట్లు వెళ్తుంటాయి. ఈ ప్రయాణమంతా బ్యాకప్ కోసమే కేటాయించిన ఒక చిన్న వీల్యాన్‌లో (విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగం), ఒకే స్విచ్ మీదుగా జరుగుతుంది. ఆ వీల్యాన్‌లో గేట్‌వే, ఐఆర్‌డీ (ఫీడ్‌ను అందుకుని డీకోడ్ చేసే రిసీవర్) తప్ప ఇంకేమీ లేవు.

ఐఆర్‌డీ ఒక్కటే, దానికి ఇన్‌పుట్‌లు రెండు. ఉపగ్రహ సిగ్నల్ మొదటిది, ఐపీ రెండోది. మొదటిది లాక్ (సిగ్నల్ మీద పట్టు) కోల్పోతే రెండు సెకన్లు ఆగి రెండోదానికి మారుతుంది, మొదటిది తిరిగి నిలకడగా దొరికితే వెనక్కి వస్తుంది. మారవలసి వచ్చినప్పుడు మాత్రమే అది మల్టీకాస్ట్ గ్రూపులో చేరుతుంది, మిగతా సమయంలో ఐపీ వైపు కన్నెత్తి చూడదు. పెట్టెతో వచ్చిన సెట్టింగ్ అదే, దాన్ని మేము మార్చలేదు. ఈ వివరం తరువాత చాలా ముఖ్యమైంది.

జరిగింది

విషువత్తుల సమీపంలో, మార్చి, సెప్టెంబర్ మాసాల ప్రాంతంలో, కొన్ని రోజుల పాటు సూర్యుడు మన డిష్ చూపు రేఖలో సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి సాగిపోతాడు. సూర్యుడు రేడియో తరంగాలలో కూడా మహా ప్రకాశవంతుడు. ఉపగ్రహం సిగ్నల్ ఏమాత్రం తగ్గకపోయినా, దాని వెనక నాయిస్ ఇంతలంతలై నిష్పత్తి కుప్పకూలుతుంది. దీన్నే సన్ ఔటేజ్ అంటాం. ఏ రోజు ఏ నిమిషానికి వస్తుందో ముందే లెక్కగట్టగలిగిన అంతరాయం ఇది.

ఈ అంతరాయం మొదటి రోజు, చివరి రోజు చిన్నది, మధ్య రోజుల్లో పెద్దది. విషువత్తు దగ్గర సూర్యుడి స్థానం ఉత్తర దక్షిణాలుగా రోజుకు సుమారు 0.4 డిగ్రీలు జరుగుతుంది. మా 3 మీటర్ల డిష్ బీమ్ వెడల్పు ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర 1.8 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మొదటి రోజు సూర్యుడు ఆ బీమ్ అంచును ఒరుసుకుంటూ పోతాడు, మరునాడు లోపలి నుంచి కోసుకుంటూ పోతాడు. ఆకాశంలో సూర్యుడు ఒక డిగ్రీ కదలడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి, అంచు నుంచి లోపలికి వచ్చేసరికి అంతరాయం రెండు మూడు నిమిషాల నుంచి ఒక్కసారిగా తొమ్మిది పది నిమిషాలకు పెరుగుతుంది.

మాకు సరిగ్గా అలాగే జరిగింది. మొదటి రోజు 2 నిమిషాల 10 సెకన్ల పాటు లాక్ పోయింది. ఐఆర్‌డీ ఐపీకి మారింది, బొమ్మ, ధ్వని రెండూ బాగున్నాయి, లాక్ రాగానే వెనక్కి వచ్చింది. బ్యాకప్ నిలబడిందని అందరం సంతోషించాం. రెండో రోజు లాగ్‌లో నమోదైనది ఇది. 12:41:08కి ఉపగ్రహ లాక్ పోయింది. 12:41:10కి ఐపీ ఇన్‌పుట్ మొదలైంది. 12:45:34కి ఐపీ ఇన్‌పుట్ పోయిందని అలారం వచ్చింది, తెర నల్లబడింది. ఐఆర్‌డీ మళ్ళీ ఉపగ్రహం కోసం ప్రయత్నించి, దొరకక, 12:45:57కి తిరిగి ఐపీలో చేరింది. ఆశ్చర్యంగా బొమ్మ వెంటనే వచ్చేసింది. 12:50:24కి మళ్ళీ పోయింది. 12:50:36కి ఉపగ్రహ లాక్ తిరిగి దొరకడంతో ఆనాటి గొడవ ముగిసింది. నల్లటి తెర రెండు విడతల్లో మొత్తం 35 సెకన్లు ప్రసారమైంది. ప్రసారంలో 35 సెకన్ల నలుపు ఎంత పెద్దదో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

మరునాటి అంతరాయం ఇంకా పెద్దదని మాకు తెలుసు. మా చేతిలో ఉన్నది ఒక్క రోజు కన్నా కాస్త తక్కువ.

మొదట వెతికిన చోటు

అనుమానం సహజంగానే ఇంటర్నెట్ లింక్ మీదకు పోయింది. మన అదుపులో లేని భాగాన్ని ముందు అనుమానించడం ఈ వృత్తిలో అందరికీ ఉన్న అలవాటే, నేను కూడా అదే చేశాను. ఫీడ్ పంపేవారికి ఫోన్ చేసి, లింక్ ఆ సమయంలో తెగిందా అని అడిగాను. వారి వైపు ఏమీ కనబడలేదన్నారు. గేట్‌వేలోని ఎస్ఆర్‌టీ గణాంకాలు తీసి చూసేసరికి వారి మాటే నిజమని తేలింది. రాకపోకల ఆలస్యం 140 మిల్లీసెకన్లు. ఎస్ఆర్‌టీ లేటెన్సీని, అంటే పోయిన ప్యాకెట్లు తిరిగి చేరడానికి ఇచ్చే గడువును, మేము దానికి నాలుగు రెట్ల పైచిలుకుగా, 600 మిల్లీసెకన్లుగా పెట్టుకున్నాం. దారిలో కొన్ని ప్యాకెట్లు పోయిన మాట నిజమే కానీ, అన్నీ తిరిగి పంపబడి గడువులోగా చేరాయి. కోలుకోలేని నష్టం సున్నా. నల్లటి తెర ఉన్న ఆ 23 సెకన్లలో కూడా గేట్‌వేకు స్ట్రీమ్ నిరాటంకంగా వస్తూనే ఉంది, గేట్‌వే దాన్ని మల్టీకాస్ట్‌గా వదులుతూనే ఉంది.

రెండో అనుమానం ఐఆర్‌డీ డీకోడర్ మీద. ఇక్కడ మాకు దారి చూపింది కంటిన్యుటీ కౌంటర్. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో ప్రతి పీఐడీకి (వీడియో, ఆడియో వంటి ఒక్కో భాగానికి ఇచ్చే గుర్తు సంఖ్య) 0 నుంచి 15 వరకు తిరిగే ఒక లెక్క ఉంటుంది. దారిలో ఒక్క ప్యాకెట్ పోయినా ఆ లెక్క తప్పుతుంది, రిసీవర్ ఆ తప్పును నమోదు చేస్తుంది. నెట్‌వర్క్ రద్దీ వల్లనో, చెడిన కేబుల్ వల్లనో స్ట్రీమ్ పాడైతే ముందు ఈ తప్పులు అక్కడక్కడా కనబడతాయి, తెర మీద బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతుంది, ధ్వని టిక్కుమంటుంది, ఆ తరువాతే అంతా పోతుంది. మా లాగ్‌లో ఐపీ ఇన్‌పుట్ నడిచిన సమయమంతటికీ కంటిన్యుటీ తప్పులు ఒక్కటి కూడా లేవు. ఆఖరి ప్యాకెట్ వరకు స్ట్రీమ్ మచ్చ లేకుండా వచ్చి, ఒక్క క్షణంలో ఆగిపోయింది. కారుతున్న కుళాయి తీరు కాదు అది, ఎవరో తిప్పి కట్టేసిన కుళాయి తీరు. డీకోడర్ తడబడితే ప్యాకెట్లు వస్తూనే ఉండి బొమ్మ పోవాలి. ఇక్కడ ప్యాకెట్లే రావడం మానేశాయి.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ఇప్పటికీ పాటించే వరుస ఇదే. మొదట డీమాడ్యులేటర్ (ఉపగ్రహ సిగ్నల్ నుంచి డేటాను వెలికితీసే భాగం) దగ్గర సరిదిద్దలేని ఫ్రేములు ఉన్నాయా, తరువాత ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో కంటిన్యుటీ తప్పులు ఉన్నాయా, ఆ తరువాతే డీకోడర్ బఫర్ సంగతి చూస్తాను. డీమాడ్యులేటర్ దగ్గర ఒక్క తప్పూ లేకుండా కంటిన్యుటీ తప్పులు కనబడుతున్నాయంటే లోపం గాలిలో లేదు, మన గదిలోనో, ఫీడ్ పంపేవారి దగ్గరో ఉంది. ఈ ఒక్క పోలిక చాలా డిష్‌లను అనవసరంగా కదిలించకుండా కాపాడుతుంది.

అంకె చెప్పిన సంగతి

గేట్‌వేకు, ఐఆర్‌డీకి మధ్య మిగిలింది స్విచ్ ఒక్కటే. ఆ సాయంత్రం ప్రసారాన్ని ఒక ప్రత్యామ్నాయ రిసీవర్ మీదకు మార్చి, ఐఆర్‌డీ వెనక ఉన్న, డిష్ నుంచి వచ్చే ఎల్-బ్యాండ్ కేబుల్ తీసేసి, గడియారం చూస్తూ కూర్చున్నాం. బొమ్మ వచ్చింది. రెండు నిమిషాలు గడిచాయి, మూడు, నాలుగు. నాలుగో నిమిషం దాటిన కొద్ది సెకన్లకు తెర నల్లబడింది. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే.

అప్పుడు పగటి లాగ్‌లోని అంకెలను తీసివేసి చూశాను. మొదటిసారి ఐపీ నడిచింది 264 సెకన్లు, రెండోసారి 267. మల్టీకాస్ట్‌తో పనిచేసినవారికి 260 అనే అంకె కంటబడితే గంట మోగాలి. మల్టీకాస్ట్ గ్రూపుల సభ్యత్వాన్ని నిర్వహించే ఐజీఎంపీ ప్రోటోకాల్‌లో ఒక గ్రూపు సభ్యత్వం ఎంతసేపు చెల్లుతుందో నిర్ణయించే లెక్క ఉంది. ప్రశ్నల మధ్య విరామాన్ని రోబస్ట్‌నెస్ విలువతో (దారిలో పోయే సందేశాలను తట్టుకోవడానికి పెట్టే అంకె) గుణించి, జవాబుకు ఇచ్చే గడువును దానికి కలపాలి. డిఫాల్ట్ విలువలు 125 సెకన్లు, 2, 10 సెకన్లు. రెండుసార్లు 125, దానికి పది కలిపితే 260.

దీన్ని బడిలో హాజరుతో పోల్చి చెప్పుకోవచ్చు. స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ పెట్టినప్పుడు, ఏ పోర్టు వెనక ఉన్న పెట్టె ఏ గ్రూపు కావాలని అడిగిందో స్విచ్ రాసుకుని, ఆ పోర్టుకే ఆ స్ట్రీమ్‌ను వదులుతుంది. అయితే ఒకసారి అడిగినంత మాత్రాన శాశ్వతంగా ఇవ్వదు. నెట్‌వర్క్‌లో క్వెరియర్ అనే పాత్ర వహించే ఒక పరికరం రెండు నిమిషాలకోసారి 224.0.0.1 చిరునామాకు హాజరు పిలుస్తుంది. వినేవారు జవాబిస్తారు, స్విచ్ తన పట్టికలో గడువు పొడిగిస్తుంది. హాజరు పిలిచేవారే లేకపోతే జవాబిచ్చే సందర్భమే రాదు. 260 సెకన్లు గడవగానే ఆ పోర్టులో ఎవరూ లేరని తీర్మానించి స్విచ్ స్ట్రీమ్‌ను ఆపేస్తుంది. పాపం ఐఆర్‌డీ మాత్రం తాను ఇంకా సభ్యుడిననే అనుకుంటూ ఉంటుంది.

అనుమానాన్ని రుజువు చేయడానికి స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టు ట్రాఫిక్‌కు నకలు తీసే సదుపాయం) పెట్టి ఐఆర్‌డీ పోర్టు మీది ట్రాఫిక్‌ను పట్టాం. 260కి బదులు 264, 267 ఎందుకు వచ్చాయో కూడా అక్కడే తెలిసింది. గ్రూపులో చేరేటప్పుడు ఐజీఎంపీ రెండో వెర్షన్ పెట్టె తన రిపోర్టును ఒకసారి పంపి ఊరుకోదు. మొదటిది దారిలో పోతుందేమోనని, పది సెకన్ల లోపు ఏదో ఒక క్షణాన మరోసారి పంపుతుంది. స్విచ్ ఆ రెండో రిపోర్టు నుంచి కొత్తగా లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. మా క్యాప్చర్‌లో రెండో రిపోర్టుకు, ఆఖరి ఆర్‌టీపీ ప్యాకెట్‌కు మధ్య ఉన్న కాలం 260 సెకన్లు. దానికి ముందు రిపోర్టుల మధ్య గడిచిన కొద్ది సెకన్లు, దాని తరువాత ఇన్‌పుట్ పోయిందని ప్రకటించడానికి ఐఆర్‌డీ తీసుకునే రెండు సెకన్లు కలిస్తే లాగ్‌లోని అంకె వస్తుంది. క్యాప్చర్ మొత్తంలో హాజరు పిలుపు ఒక్కటి కూడా లేదు.

మరి క్వెరియర్ ఏమైంది? కొన్ని నెలల క్రితం నెట్‌వర్క్ గదిలో పాత స్విచ్‌ను తీసి కొత్తది పెట్టారు. పాతది లేయర్ 3 స్విచ్, ఆ వీల్యాన్‌లో మల్టీకాస్ట్ రూటింగ్ నడిపేది, కాబట్టి క్వెరియర్ పనిని ఎవరూ చెప్పకుండానే తనంతట తానే చేసేది. కొత్తది రూటింగ్ చేయని లేయర్ 2 స్విచ్. దానిలో స్నూపింగ్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది, క్వెరియర్ ఆఫ్‌లో ఉంటుంది. స్విచ్ మార్చినవారు పోర్టులు, వీల్యాన్‌లు పొల్లు పోకుండా నకలు చేశారు. పాత స్విచ్ కాన్ఫిగరేషన్‌లో క్వెరియర్ అనే మాటే లేదు కనుక నకలు చేయడానికి కూడా ఏమీ లేదు. వారిని తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మా నెలవారీ పరీక్ష మాత్రం తప్పుపట్టదగినదే. పరీక్ష పత్రంలో రాసి ఉన్నది: కేబుల్ తీయాలి, రెండు నిమిషాలు చూడాలి, బొమ్మ, ధ్వని సరిగా ఉన్నాయని సంతకం చేయాలి. స్విచ్ మార్చిన తరువాత కూడా ఈ పరీక్ష ప్రతిసారీ నెగ్గింది, నూరుసార్లు చేసినా నెగ్గేది, ఎందుకంటే లోపం బయటపడే సమయం పరీక్ష నిడివికి రెట్టింపు కన్నా ఎక్కువ. సన్ ఔటేజ్ మొదటి రోజు కూడా 2 నిమిషాల 10 సెకన్లతో అదే తప్పుడు భరోసా ఇచ్చింది.

సరిదిద్దిన తీరు

ఆ రాత్రికి శాశ్వత మార్పులు చేయడానికి సాహసించలేదు. స్విచ్‌లో ఐఆర్‌డీ పోర్టుకు ఆ గ్రూపును స్టాటిక్‌గా రాశాం, అంటే హాజరుతో నిమిత్తం లేకుండా స్ట్రీమ్ ఆ పోర్టుకు వెళ్తూనే ఉంటుంది. కేబుల్ తీసి అరగంట చూశాం, నిలబడింది. మరునాడు పదకొండు నిమిషాల పైన సాగిన అంతరాయం ఐపీ మీద నిర్విఘ్నంగా గడిచింది. నడిమి రోజుల్లో అది పదమూడు నిమిషాల దాకా వెళ్ళినా ఇబ్బంది రాలేదు.

అంతరాయాల రోజులు ముగిశాక అసలు పని చేశాం. స్విచ్‌లో క్వెరియర్‌ను ఆన్ చేసి, ఆ వీల్యాన్‌లో స్విచ్‌కు ఒక ఐపీ చిరునామా ఇచ్చాం. చిరునామా లేకపోతే కొన్ని స్విచ్‌లు ప్రశ్నలు పంపనే పంపవు, కొన్ని 0.0.0.0 పేరుతో పంపుతాయి, అలాంటి ప్రశ్నను పట్టించుకోని రిసీవర్లు ఉన్నాయి. స్టాటిక్ పద్దును తీసేశాం. దాన్ని ఉంచేస్తే రేపు ఐఆర్‌డీ మరో పోర్టుకు మారినప్పుడు ఇదే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైనదని నేను భావించే మార్పు ఐఆర్‌డీలో చేశాం. ఐపీ ఇన్‌పుట్‌ను అవసరం పడినప్పుడు కాక ఎల్లవేళలా గ్రూపులో చేరి ఉండేలా పెట్టాం. ఒక గిగాబిట్ లోపలి నెట్‌వర్క్‌లో 8 మెగాబిట్లు లెక్కలోకి రావు. ఈ సెట్టింగ్ ముందే ఉండి ఉంటే, కొత్త స్విచ్ పెట్టిన రోజునే, పెట్టిన నాలుగున్నర నిమిషాలకే, బ్యాకప్ పోయిందని అలారం మోగేది. అప్పటికి ప్రసారం ఉపగ్రహం మీద హాయిగా నడుస్తూ ఉండేది, ఎవరికీ నలుపు కనబడేది కాదు. ఖాళీగా కూర్చున్న బ్యాకప్ మంచిదో చెడ్డదో తెలియదు. సదా స్ట్రీమ్ అందుకుంటూ ఉన్న బ్యాకప్ తన ఆరోగ్యాన్ని తానే చెబుతూ ఉంటుంది.

ఆరు గంటల పరీక్షలో దొరికిన మరో లోపం

మార్పుల తరువాత ఐపీ మీదే ఆరు గంటల పాటు నడిపి చూశాం. నల్లబడటం లేదు. కానీ దాదాపు 33 నిమిషాలకోసారి బొమ్మ ఒక్క ఫ్రేమ్ సేపు నిలిచిపోతోంది. మెల్లగా కదిలే అక్షరాల పట్టీ మీద చూస్తే తప్ప కంటికి ఆనదు. నా సహోద్యోగి ఒకరు పట్టీనే చూస్తూ కూర్చుని దాన్ని పట్టుకున్నారు.

దీనికి కారణం గడియారం. ఎన్‌కోడర్ తన 27 మెగాహెర్ట్జ్ గడియారాన్ని పీసీఆర్ అనే ముద్రల రూపంలో స్ట్రీమ్‌లో పంపుతుంది, డీకోడర్ ఆ ముద్రలను చూసి తన గడియారాన్ని దానితో సమం చేసుకోవాలి. మా ఐఆర్‌డీ ఉపగ్రహ ఇన్‌పుట్ మీద ఆ పని చేస్తోంది కానీ, ఐపీ ఇన్‌పుట్‌కు మాత్రం సొంత క్రిస్టల్ మీదే నడిచేలా సెట్ అయి ఉంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమ్ నిడివి 40 మిల్లీసెకన్లు. రెండు గడియారాల మధ్య తేడా పది లక్షలకు 20 వంతులైతే, 2000 సెకన్లలో, అంటే 33 నిమిషాల చిల్లరలో, సరిగ్గా ఒక ఫ్రేమ్ తేడా పేరుకుంటుంది. మా డీకోడర్ గడియారం కాస్త వేగంగా ఉండటం వల్ల బఫర్ నెమ్మదిగా ఖాళీ అవుతూ, ఒక హద్దు దగ్గర పాత ఫ్రేమ్‌నే మరోసారి చూపించి సర్దుకుంటోంది. బఫర్ మట్టం గ్రాఫ్ తీస్తే రంపపు పళ్ళలా కనబడింది. ఐపీ ఇన్‌పుట్‌కు కూడా పీసీఆర్ నుంచే గడియారం తీసుకునేలా మార్చి, ప్యాకెట్ల రాకలోని హెచ్చుతగ్గులు ఆ గడియారాన్ని కుదపకుండా డీ-జిట్టర్ బఫర్‌ను 100 నుంచి 200 మిల్లీసెకన్లకు పెంచాం. రంపపు పళ్ళు పోయి గీత సమతలమైంది.

మిగిలిపోయినది

రెండు మార్గాల మధ్య కాలం తేడాను మేము సరిచేయలేదు. ఉపగ్రహం దాకా వెళ్ళి రావడానికి సిగ్నల్‌కు పట్టేది సెకనులో పావు వంతు. ఐపీ మార్గంలో ఎస్ఆర్‌టీ లేటెన్సీ, డీ-జిట్టర్ బఫర్ కలిసి అంతకు మూడింతలు దాటుతాయి. అందువల్ల ఐపీ దృశ్యం అర సెకను పైచిలుకు వెనకబడి ఉంటుంది, ఉపగ్రహం మీదకు వెనక్కి వచ్చేటప్పుడు అంతే దృశ్యం ఎగిరిపోతుంది. రెండు ఐపీ మార్గాల్లో ఒకే ఆర్‌టీపీ ప్యాకెట్లు వస్తుంటే ఎస్ఎంపీటీఈ 2022-7 పద్ధతిలో అతుకు కనబడకుండా కలపవచ్చు. ఉపగ్రహం నుంచి వచ్చేది అనేక ప్రోగ్రాములున్న ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్, ఐపీలో వచ్చేది ఒకే ప్రోగ్రామ్, కాబట్టి మాకు ఆ అవకాశం లేదు. ఉపగ్రహ మార్గాన్ని కావాలని అర సెకను ఆలస్యం చేసి రెండింటినీ దగ్గరికి తేవచ్చునా అని ప్రస్తుతం పరీక్షిస్తున్నాం. నెలవారీ పరీక్ష పత్రంలో మాత్రం రెండు నిమిషాలను కొట్టేసి ముప్ఫై నిమిషాలని రాశాం. తరువాతి సన్ ఔటేజ్ కాలంలో అన్ని రోజులూ కలిపి చూస్తే లాగ్‌లో ఉపగ్రహ లాక్ పోయిన వరుసలు, తిరిగి వచ్చిన వరుసలు మాత్రమే ఉన్నాయి, వాటి మధ్య ఐపీ అలారం ఒక్కటీ లేదు.